ఏ ఏడాది చెడిందో అడగండి: అమెరికన్ కన్జర్వేటివ్‌లను చదవడం ఎలా

మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉంటారు. రిటైరైన సివిల్ ఇంజనీరు, టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఎన్నికలప్పుడు ఆయన ఇంటి ముందు గడ్డిలో ఏ పార్టీ బోర్డు పాతి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఓ రోజు సాయంత్రం ఇద్దరం చెత్తడబ్బాలు లోపలికి లాక్కుంటూ మాటల్లో పడ్డాం. "ఇంతకీ మీ లెక్కలో ఈ దేశం ఎప్పట్నుంచి చెడిపోయిందండీ?" అని సరదాగా అడిగాను. ఒబామా గెలిచిన 2008 అంటారనుకున్నా, లేదంటే కాలేజీ కుర్రాళ్ళు రోడ్డెక్కిన 1968. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా "1913" అన్నారు.

ఇంటికొచ్చి చూశాను. ఆ ఒక్క ఏడాదిలో మూడు జరిగాయి. ఆదాయపు పన్ను వేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చిన 16వ సవరణ, సెనేటర్లను రాష్ట్ర శాసనసభలు కాకుండా జనమే నేరుగా ఎన్నుకోవాలన్న 17వ సవరణ, చివర్లో డిసెంబరులో ఫెడరల్ రిజర్వ్ చట్టం. పన్ను, రాష్ట్రాల గొంతు, డబ్బు, మూడూ ఒకే ఏడాదిలో వాషింగ్టన్ గుప్పిట్లోకి పోయాయన్నది ఆయన బాధ. దాంతో ఒప్పుకుంటామా లేదా అన్నది తర్వాతి సంగతి, మనిషి మాత్రం నాలుగంకెల్లో తన రాజకీయం మొత్తం చెప్పేశాడు. నేను అంతకు ముందు రెండేళ్ళు టీవీ డిబేట్లు చూసి కూడా అంత తెలుసుకోలేదు.

అప్పట్నుంచి వాళ్ళ రాతలు చదివే నా పద్ధతే మారిపోయింది. ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చి అలాగే ఉండిపోయినవాళ్ళకి, హైదరాబాదులో కూర్చుని అమెరికా వార్తలు చూసి బుర్ర వేడెక్కించుకునేవాళ్ళకి, "ట్రంప్ ఈరోజు ఏమన్నాడు" అనేదాన్ని దాటి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి ఆ పద్ధతి చెబుతాను. మీరు కన్జర్వేటివ్ అయిపోవాలని కాదు, కాకూడదనీ కాదు. తిట్టాలన్నా పొగడాలన్నా ముందు ఎదుటివాడు ఏమంటున్నాడో తెలియాలి కదా.

ముందు మన తెలుగు మాటల్ని పక్కన పెట్టండి

ఇది చాలామంది చేయని పని, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. మన పేపర్లు రైట్ వింగ్‌ని "మితవాదం" అని రాస్తాయి. స్కూల్లో మనం చదువుకున్న మితవాదులు గోఖలే గారు, అర్జీలు పెట్టుకునే కాంగ్రెస్. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని అమెరికా వార్త చదివితే ఏమన్నా అర్థమవుతుందా? "ఉదారవాదం" ఇంకా ప్రమాదం. మన కమ్యూనిస్టు పార్టీల కరపత్రాల్లో "నయా ఉదారవాద విధానాలు" అంటే ప్రైవేటీకరణ, మార్కెట్‌ను విచ్చలవిడిగా వదిలేయడం. అమెరికాలో లిబరల్ అంటే సరిగ్గా తిరగేసి, ప్రభుత్వం ఇంకా చేయాలి, మార్కెట్‌కి ముకుతాడు వేయాలి అనేవాడు. మార్కెట్‌ను నెత్తిన పెట్టుకున్న ఆర్థికవేత్త హాయెక్ 1960లో "నేను కన్జర్వేటివ్‌ను ఎందుకు కాను" అని ఏకంగా ఒక వ్యాసమే రాశాడు, ఎందుకంటే ఆయన పాత యూరప్ అర్థంలో లిబరల్‌నని చెప్పుకునేవాడు. అయినా అమెరికన్ కన్జర్వేటివ్‌లు ఆయన్ని తమవాడిగానే లెక్కేసుకుంటారు.

"సంప్రదాయవాది" అన్నా చిక్కే. మనకి వెంటనే మడి, ఆచారం గుర్తొస్తాయి. అక్కడ వాళ్ళు కాపాడాలంటున్న సంప్రదాయంలో పెద్ద భాగం ఒక విప్లవం: రాజును కాదని 1776లో మొదలై, రాజ్యాంగం రాసుకుని 1789లో సర్కారు పెట్టుకున్న కథ. విప్లవాన్ని కాపాడే సంప్రదాయవాదులన్న మాట. ఈ మెలిక ఒక్కటి గుర్తుంటే, వాళ్ళ పుస్తకాల్లో ఒక పేజీలో స్వేచ్ఛ, పక్క పేజీలో కట్టుబాటు ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది. అందుకే నేను కన్జర్వేటివ్, లిబరల్ అనే వాడతాను, మీరూ అదే చేయండి. ఇంకోటి, దీన్ని మన పార్టీలకు అతికించి చూడకండి. మన దగ్గర ఏ పార్టీ వచ్చినా పథకాలు పెంచుతాననే చెబుతుంది, పథకమే తప్పు అని ఓట్లడిగే మనిషి మనకి అలవాటు లేదు.

ఇక ఆ ప్రశ్న

ఎవరి వ్యాసం చేతికొచ్చినా, ఎవరి పాడ్‌కాస్ట్ విన్నా, ముందు వెతకాల్సింది ఇదే: ఈయన లెక్కలో బండి ఏ మలుపు దగ్గర దారి తప్పింది? చాలాసార్లు నేరుగా చెప్పరు. కానీ ఎక్కడో "ఒకప్పుడు" అన్న మాట వాడతారు, అక్కడ దొరికిపోతారు. ఆ ఒకప్పుడు ఎప్పుడో పట్టుకోండి.

1789 అంటే ఫ్రెంచి విప్లవం, అంటే ఎడ్మండ్ బర్క్ వారసులు. బర్క్ డబ్లిన్‌లో పుట్టి లండన్ పార్లమెంటులో కూర్చున్నవాడు. అమెరికా వలసల పక్షాన మాట్లాడిన మనిషే, ఫ్రాన్సు విప్లవాన్ని మాత్రం 1790లో పుస్తకం రాసి మరీ ఉతికి ఆరేశాడు. అమెరికావాళ్ళు తమకు తరాలుగా ఉన్న హక్కుల్ని అడిగారు, ఫ్రాన్సువాళ్ళు కాగితం మీద గీసుకున్న కొత్త మనిషి కోసం ఉన్న ఇల్లు కూలగొట్టుకున్నారు, ఇదీ ఆయన చూసిన తేడా. బర్క్ మనకు మరీ పరాయివాడు కూడా కాదు. 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద పార్లమెంటులో పెద్ద ప్రసంగం చేశాడు. మద్రాసులో కంపెనీ ఉద్యోగులు నవాబుకి అప్పులిచ్చి, ఆ వడ్డీలు నవాబు ఏలే కర్ణాటక్ ప్రాంతపు (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) రైతు పంట మీంచి పిండుకుంటున్నారన్నది గొడవ, మన నెల్లూరు కూడా ఆ నవాబు ఏలుబడిలోదే. తర్వాత వారన్ హేస్టింగ్స్‌ని బోనెక్కించి 1788 నుంచి 1795 దాకా విచారణ నడిపించాడు, చివరికి హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడనుకోండి. కన్జర్వేటివ్ అంటే ఎప్పుడూ బలవంతుడి పక్షమే అనేవాళ్ళకి నేను ఈ సంగతి చెబుతుంటాను. తరతరాలుగా నిలబడ్డ సమాజాన్ని ఎక్కడో కూర్చున్నవాడు వేళ్ళతో పీకేయకూడదన్న ఒకే సూత్రం ఆయన్ని ఫ్రాన్సు మీదకీ కంపెనీ మీదకీ కూడా తీసుకెళ్ళింది.

1865 అని ఎవరన్నా అంటే జాగ్రత్తగా చదవండి. అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడిపోయిన ఏడాది అది, రాష్ట్రాల హక్కులు అక్కడే చచ్చిపోయాయనే ఒక పాయ ఉంది, దానికి బానిసత్వం వాసన ఎంత కడిగినా పోదు. అదే గూటిలో ప్రొఫెసర్ హ్యారీ జాఫా లాంటివాళ్ళు లింకనే 1776 మాటను నిజం చేసిన మనిషని జీవితమంతా వాదించారు. ఈ రెండు పాయలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నంతగా లిబరల్స్‌ని కూడా తిట్టి ఉండరు.

1913 మా పెద్దాయనది. జాఫా శిష్యులు కూడా ఆ దగ్గరే ఆగుతారు గానీ కారణం వేరు, వాళ్ళకి విలన్ ఆ ఏడాది గద్దెనెక్కిన వుడ్రో విల్సన్. ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడే ఆయన పాత రాజ్యాంగ యంత్రం కాలం చెల్లిందనీ, పాలన నిపుణుల చేతిలో ఉండాలనీ రాశాడు.

1930ల సంగతి కొంచెం ఆగి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ ఒక రైతు ఉన్నాడు. ఒహాయోలో రాస్కో ఫిల్‌బర్న్ అని, పాలు, కోళ్ళు, కాస్త గోధుమ. ధరలు పడిపోకుండా ఎవరు ఎన్ని ఎకరాల్లో గోధుమ వేయాలో రూజ్‌వెల్ట్ సర్కారు కోటా పెట్టింది. ఈయనకి 11.1 ఎకరాలు ఇచ్చారు, ఈయన 23 ఎకరాలు వేశాడు. ఎక్కువైన పంటకి 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా పడింది. ఫిల్‌బర్న్ వాదన ఏమిటంటే, ఎక్కువగా పండించింది నేను అమ్మడానికి కాదు, నా గొడ్లకీ కోళ్ళకీ నా ఇంటికీ విత్తనానికీ అని. రాజ్యాంగం కేంద్రానికి ఇచ్చింది రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం, ఇంట్లో తిన్న గోధుమ వాణిజ్యం ఎలా అవుతుంది? 1942లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా అవుతుందనే చెప్పింది. నువ్వు ఇంట్లో పండించుకుంటే బజారులో కొనవు, నీలాంటి రైతులందరూ అలాగే చేస్తే దేశమంతా ధర మీద ప్రభావం పడుతుంది అని. లిబరల్ న్యాయవాదికి ఇది ఆధునిక ఆర్థిక వ్యవస్థలో మామూలు లెక్క. కన్జర్వేటివ్‌కి మాత్రం నా దొడ్లో నా కోడి తిన్న గింజని కూడా వాషింగ్టన్ లెక్కపెట్టగలదంటే ఇక లెక్కపెట్టలేనిది ఏముంది అన్న ప్రశ్న. పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాల కంటే ఈ ఒక్క కేసు (వికర్డ్ వర్సెస్ ఫిల్‌బర్న్) ముందు చదవమంటాను. చదివాక మీరు ఎటువైపు తూగుతారో చూసుకోండి. నేనైతే తీర్పు తర్కం ఒప్పుకున్నాను, కానీ ఆ కోడి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

1973 అంటే గర్భస్రావం రాజ్యాంగ హక్కన్న రో తీర్పు, చర్చి కుటుంబాల ఏడాది. 2022 జూన్‌లో డాబ్స్ తీర్పు దాన్ని కొట్టేసింది, అంటే దాదాపు యాభై ఏళ్ళు ఒకే లక్ష్యం మీద ఓపిగ్గా కూర్చున్నారు. 2001 అంటే చైనా డబ్ల్యూటీవోలో చేరిన ఏడాది, ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్ళ పేరుతో మాట్లాడే కొత్త తరం వాళ్ళది. రిచర్డ్ వీవర్ అని చికాగో ప్రొఫెసరు ఒకాయన 1948లో ఇంకా వెనక్కి పోయి, అసలు పాశ్చాత్య ప్రపంచం 14వ శతాబ్దంలో ఒక తత్వవేత్త మాట విన్నప్పుడే చెడిందని తేల్చాడు. ఇంతకంటే వెనక్కి పోయినవాణ్ణి నేనింకా చూడలేదు.

మన ఏడాది 1965

ఇది మనకి తగిలే చోటు కాబట్టి దాటెయ్యలేను. 1946 దాకా ఇండియా నుంచి వలసకి తలుపే దాదాపు మూసి ఉండేది, ఆ ఏడాది తెరిచింది కూడా సంవత్సరానికి వంద మందికి. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టిన చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేసి, నైపుణ్యాన్నీ కుటుంబ బంధాన్నీ ముందు పెట్టింది. గుంటూరు, విశాఖ, హైదరాబాదు మెడికల్ కాలేజీల డాక్టర్లు, ఆ తర్వాత ఇంజనీర్లు, ఆ తర్వాత మనందరం, ఆ తలుపులోంచే వచ్చాం. సరిగ్గా ఆ ఏడాదినే కన్జర్వేటివ్ వ్యాసకర్త పాట్ బుకానన్ లాంటివాళ్ళు దేశం దారి తప్పిన మలుపు అంటారు. మనకి గృహప్రవేశం, ఆయనకి ఇల్లు చేజారిన రోజు. ఆయన రాతలు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది, మండనివ్వండి, కానీ పేజీ తిప్పెయ్యకండి.

2024 డిసెంబరు చివరి వారం గుర్తుందా? శ్రీరామ్ కృష్ణన్‌కి వైట్‌హౌస్‌లో ఏఐ సలహాదారు పదవి ప్రకటించగానే హెచ్‌1బీ మీద రచ్చ మొదలైంది. ఆ వీసాలు కావాలని మస్క్, వివేక్ రామస్వామి ఒక పక్క, వద్దని ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బ్యానన్ లాంటివాళ్ళు ఇంకో పక్క. అమెరికా సంస్కృతి లెక్కల ఒలింపియాడ్ గెలిచినవాడి కంటే స్కూల్ డాన్స్ పార్టీ రాణినే ఎక్కువ నెత్తిన పెట్టుకుంటోందని వివేక్ రాస్తే సొంత శిబిరమే మీద పడింది. మా వాట్సాప్ గ్రూపులో "మనల్ని మోసం చేశారు" అని ఒకటే గోల. మోసం కాదండీ, అది పాత కాపురంలో పాత తగాదా.

ఆ కాపురం కథ ఇది. 1955 నవంబరులో 29 ఏళ్ళ విలియం బక్లీ నేషనల్ రివ్యూ అనే పత్రిక పెట్టి, చరిత్రకి అడ్డంగా నిలబడి ఆగమని అరవడమే మా పని అన్నాడు. అందులోకి ముగ్గురు దాయాదులు చేరారు. మార్కెట్ స్వేచ్ఛ ముఖ్యమనేవాళ్ళు, రస్సెల్ కిర్క్ అనే రచయితలా మతం, ఊరు, అలవాటు ముఖ్యమనేవాళ్ళు, కమ్యూనిజం వదిలొచ్చి కమ్యూనిజం మీదే యుద్ధం ముఖ్యమనేవాళ్ళు. మొదటివాడికి వాల్‌మార్ట్ అద్భుతం, రెండోవాడికి వాల్‌మార్ట్ తన ఊరి కిరాణా కొట్టుని మింగిన రాక్షసి. వీళ్ళు ఒక పొయ్యి మీద వండుకోవడం ఎలా? ఫ్రాంక్ మేయర్ అనే ఆయన సర్దిచెప్పాడు: ధర్మం మనిషి స్వేచ్ఛగా ఎంచుకుంటేనే ధర్మం, కాబట్టి సర్కారు స్వేచ్ఛని కాపాడాలి, ధర్మం సంగతి సమాజం చూసుకుంటుంది అని. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ ఈ జిగురు పనిచేసింది, 1991లో ఎదుటివాడు పడిపోయాక గోడ బీటలివ్వడం మొదలైంది. ఆ మరుసటి ఏడాదే బుకానన్ హ్యూస్టన్‌లో రిపబ్లికన్ పార్టీ సభలో ఇది అమెరికా ఆత్మ కోసం యుద్ధం అని మాట్లాడాడు. హెచ్‌1బీ రచ్చలో మస్క్ మొదటి దాయాది, బ్యానన్ రెండోవాడి మనవడు. ట్రంప్ 2024 డిసెంబరులో హెచ్‌1బీ నాకిష్టమే అన్నాడు, 2025 సెప్టెంబరులో కొత్త అర్జీల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. రెండు చేతులూ ఒకే ఇంటివి.

ఏది ముందు చదవాలి

యూట్యూబ్‌లో ఎవడో ఎవణ్ణో చిత్తు చేశాడని పెద్దక్షరాల థంబ్‌నెయిల్ ఉంటుంది చూడండి, దాంతో మాత్రం మొదలుపెట్టకండి. అది కోడిపందెం, చూడటానికి బాగుంటుంది గానీ వ్యవసాయం నేర్పదు.

రీగన్ 1981 జనవరి 20 ప్రసంగంతో మొదలెట్టండి, పావుగంట పని. పెన్సిల్ పట్టుకుని ప్రభుత్వం అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. "ప్రభుత్వం పరిష్కారం కాదు, ప్రభుత్వమే సమస్య" అన్న వాక్యం మీరు వినే ఉంటారు. దాని ముందు "ప్రస్తుత ఈ సంక్షోభంలో" అని ఉంది, ఎవరూ చెప్పరు. రెండంకెల ద్రవ్యోల్బణం నడుస్తున్న రోజులవి. ఇంకొంచెం కిందికెళితే, ప్రభుత్వాన్ని ఎత్తేయడం నా ఉద్దేశం కాదు, అది మన వీపు మీద ఎక్కి తొక్కకుండా పక్కన నిలబడి పనిచేసేలా చేయడమే అంటాడు. అభిమానులు ఒక సగం కోసేసుకున్నారు, విమర్శకులూ అదే సగం కోసుకున్నారు. వీలైతే ఆయన చేసింది కూడా పక్కన పెట్టి చూడండి: కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో గర్భస్రావం సడలింపు చట్టం, 1969లో తప్పెవరిదో తేల్చకుండానే విడాకులిచ్చే చట్టం, అధ్యక్షుడిగా 1986లో దాదాపు 27 లక్షల మంది అక్రమ వలసదారులకు కాగితాలిచ్చిన చట్టం, మూడింటి మీదా ఆయన సంతకమే ఉంది.

తర్వాత, అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో పదోది, యాభై ఒకటోది. మొత్తం 85 ఉన్నాయి, మిగతావి ప్రాణం ఉంటే చదువుకోవచ్చు. మనుషులు దేవతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు అని రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన మాడిసన్ రాసిన చోటు యాభై ఒకటిలోనే ఉంది. మనిషి స్వభావం మారదు, అందుకే అధికారానికి అధికారాన్నే కాపలా పెట్టాలి అన్న ఆలోచన మిగతా అన్నిటికీ పునాది. దీన్నే ఇవాళ్టి మాటల్లో చదవాలంటే థామస్ సోవెల్. హార్లెమ్‌లో పెరిగిన నల్లజాతి ఆర్థికవేత్త, ఇరవైల్లో మార్క్సిస్టు. మనిషికి హద్దులున్నాయని నమ్మేవాళ్ళు, మనిషిని మార్చుకోవచ్చని నమ్మేవాళ్ళు అని రెండు రకాల చూపుల్ని విడదీసి 1987లో "ఎ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ విజన్స్" అనే పుస్తకం రాశాడు. భాష నీళ్ళలా ఉంటుంది, ఇంగ్లీషు చదవడం కష్టమనుకునేవాళ్ళు కూడా భయపడక్కర్లేదు.

కిర్క్ 1953 పుస్తకం "ద కన్జర్వేటివ్ మైండ్"లో మొదటి అధ్యాయం చదివి ఆగండి. లావు చూసి బెదిరిపోకండి, ఆరు సూత్రాలు అందులోనే చెప్పేస్తాడు, తర్వాతివన్నీ మనుషుల చరిత్రలు. హాయెక్‌ది 1944 పుస్తకం, "ద రోడ్ టు సర్ఫ్‌డమ్". నేను మాత్రం చప్పగా ఉందని సగంలో వదిలేసి ఏడాది తర్వాత మళ్ళీ పట్టుకున్నాను, మీకూ అలాగే అయితే కంగారు పడకండి. బక్లీ రాతలకంటే ఆయన టీవీ కార్యక్రమం ఫైరింగ్ లైన్ చూడటం మేలు, 1966 నుంచి 1999 దాకా 1,500కి పైగా ఎపిసోడ్లు నడిచింది, చాలావరకు ఆన్‌లైన్లో దొరుకుతాయి. తనతో విభేదించేవాళ్ళని పిలిచి గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించడం ఇప్పుడు ఏ పక్షం ఛానెల్లోనూ కనిపించదు.

చదివేటప్పుడు పక్కన పెట్టుకోవాల్సిన రెండో ప్రశ్న కంచె గురించి. చెస్టర్టన్ అని ఇంగ్లండ్ రచయిత, కన్జర్వేటివ్‌లు మాటకి ముందు ఈయన్ని తెస్తారు. దారికి అడ్డంగా కంచె కనిపిస్తే, ఇదెందుకో తెలీదు తీసేద్దాం అనకు, ముందు ఎందుకు వేశారో కనుక్కురా, అప్పుడు తీయనిస్తానేమో చూద్దాం అన్నాడు. అసలే తీయొద్దనలేదు, గమనించండి. కరణాలు మునసబులు పోయినప్పుడు మా తాత సరిగ్గా ఇలాగే గొణిగేవాడు, ఊళ్ళో తేలే పనికి మండలాఫీసు చుట్టూ తిప్పుతున్నారని. మా నాయనమ్మ మాత్రం కరణం కలం పోటుకి ఎన్ని కొంపలు మునిగాయో మీ తాతకేం తెలుసు, పీడా వదిలింది అనేది. వ్యాసం చదివేటప్పుడు ఈ ఇద్దర్నీ చెరో పక్క కూర్చోబెట్టుకోండి: రచయిత కాపాడమంటున్న కంచె ఏది, అది ఎవరి పొలాన్ని కాపాడింది, ఎవరి కాళ్ళకి గుచ్చుకుంది?

మచ్చల్ని దాటేయకండి

ఎందుకంటే గుచ్చుకున్నది ఎక్కువగా నల్లవాళ్ళకి. 1957 ఆగస్టులో నేషనల్ రివ్యూ సంపాదకీయం, దక్షిణాదిలో తెల్లవాళ్ళు సంఖ్యలో తక్కువున్న చోట కూడా వాళ్ళ మాటే నెగ్గాలని బాహాటంగా రాసింది. చదవండి, చదవకుండా ఈ ఆలోచనా చరిత్ర తెలుసు అనకండి. 1964లో, ఆ ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి అయిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ పౌర హక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. సొంత రాష్ట్రం ఆరిజోనాలో వివక్షకి వ్యతిరేకంగా పనిచేసిన మనిషే, హోటళ్ళు, ఉద్యోగాల విషయంలో కేంద్రానికి ఆ అధికారం రాజ్యాంగం ఇవ్వలేదన్నాడు. ఫిల్‌బర్న్ కోడి ఇక్కడికొచ్చి గుడ్డు పెట్టింది చూశారా? సూత్రం శుభ్రంగానే ఉండొచ్చు, కానీ నవంబరు ఎన్నికల్లో ఆయనకి దక్కినవి ఆరు రాష్ట్రాలు, సొంత ఆరిజోనా పోను మిగతా అయిదూ వివక్ష కరుడుగట్టిన దక్షిణాదివే. ఆ ఓట్లు ఎందుకు పడ్డాయో అందరికీ తెలుసు. 1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో బక్లీకీ నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌కీ జాతి వివక్ష మీద చర్చ జరిగింది, వీడియో ఉంది. విద్యార్థులు 544 – 164 ఓట్లతో బాల్డ్విన్‌ని గెలిపించారు. బక్లీ ముఖం చూడండి, అంత మాటకారికీ ఆ రోజు మాట అందలేదు. 2004లో ఆయనే, నెమ్మదిగా అదే మారుతుందనుకున్నాను, పొరపాటు, కేంద్రం జోక్యం అవసరమే అయింది అని ఒప్పుకున్నాడు. పొరపాటు ఒప్పుకోవడానికి 47 ఏళ్ళు పట్టింది. నా దృష్టిలో ఈ సంప్రదాయం మొత్తానికి పెద్ద పరీక్ష ఇదే, నెమ్మదిగా వెళ్ళమనేవాడు ఎవరి నొప్పి మీద నెమ్మదిగా వెళ్ళమంటున్నాడు అన్నది.

కోర్టు తీర్పులు చదివే ధైర్యం ఉంటే, 2020 నాటి బోస్టాక్ కేసు తీసుకోండి. రాసిన మాటకి రాసినప్పటి అర్థమే చూడాలి, జడ్జి ఇష్టాయిష్టాలు కాదు అన్నది సుప్రీం కోర్టు జడ్జిగా ఉన్న స్కాలియా నేర్పిన పద్ధతి. 1964 చట్టం లింగాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదంది. గే ఉద్యోగిని తీసేస్తే అది లింగాన్ని బట్టి తీసినట్టేనా? ట్రంప్ నియమించిన జడ్జి గోర్సచ్ అవును అని రాశాడు, అచ్చం ఆ పద్ధతితోనే: మగవాణ్ణి ప్రేమించిన ఆడమనిషిని ఉంచి, మగవాణ్ణి ప్రేమించిన మగవాణ్ణి తీసేశావంటే తేడా లింగమే కదా అని. ఇంకో కన్జర్వేటివ్ జడ్జి అలిటో అదే పద్ధతి పేరు చెప్పి మండిపడుతూ కాదన్నాడు, 1964లో ఎవడైనా అలా అర్థం చేసుకునేవాడా అని. 6 – 3 తో గోర్సచ్ మాటే నెగ్గింది. ఆ తర్వాత రిపబ్లికన్ సెనేటర్ హాలీ సెనేట్‌లో లేచి, కన్జర్వేటివ్ న్యాయ ఉద్యమానికి ఇదే ముగింపు అన్నాడు. తీర్పు, రెండు అసమ్మతులు కలిపి చాలా పేజీలు, మొదటి పది, అలిటోవి మొదటి పది చదివితే సరిపోతుంది. జడ్జీలంతా పార్టీ చెప్పినట్టే రాస్తారని నమ్మేవాళ్ళకి కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మనుషులతో మాట్లాడటం గురించి ఒక్క మాట. ఎవరికి ఓటేశారని అడగకండి, ఇక్కడ అది జీతం అడిగినట్టు. ఏది పోకూడదనుకుంటున్నారు అని అడగండి, లేదా ఏ ఏడాది అని. ఆఫీసులో మాత్రం వద్దు, ఆ టెన్షన్ మీకెందుకు.

మా పెద్దాయన ఆ 1913 మాటల తర్వాత కిర్క్ పుస్తకం ఎరువిచ్చారు. నేను చెప్పినట్టు మొదటి అధ్యాయంతో ఆగకుండా చివరిదాకా తిరగేస్తే, ఒకచోట కిర్క్ కారుని యంత్రం వేషంలో వచ్చిన విప్లవకారుడంటాడు, ఊళ్ళనీ నడవడికనీ ఏ నియంతా మార్చనంతగా మార్చేసిందని. తిరిగిచ్చేటప్పుడు ఆ పేజీ తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, వాకిట్లో రెండు కార్ల చోటు ఆక్రమించి నిలబడ్డ తన పికప్ ట్రక్కు వంక చూసి, "అంతదూరం నేను చదవలేదు" అన్నారు.